మూడు వారాల తేడా

"మూడు వారాల తేడాతో ఇద్దరు పిల్లల్ని ఏ తల్లి కంటుందండీ?" అన్నాడు లెక్కలాయన, స్క్రీన్ మీద వేలు పెట్టి.

పరిశోధకురాలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. స్క్రీన్ నిండా చుక్కలూ గీతలూ. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. ఇద్దరి జన్యువులు ఎంత కలిస్తే వాళ్ళ మధ్య గీత అంత లావు. నాలుగు వేలమంది రక్తం చూసి ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చే ఆ ప్రోగ్రాం ఆమె పదకొండేళ్ళ కష్టం.

కొత్తగా వచ్చిన నమూనాల్లో ఇద్దరు పసిపిల్లలున్నారు. ఊరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ప్రోగ్రాం మాత్రం ఇద్దరికీ తల్లి ఒక్కతే అంటోంది.

"ఆ తల్లి నమూనా ఏది?" అంది.

"అదే చిక్కు. దొంగ నమూనాలని అప్పట్లో రెండు పక్కన పడేశారు, గుర్తుందా? అవే."



గుర్తులేకేం! ఎనిమిది నెలల కిందట ప్రోగ్రాం ఆ రెండు చుక్కల్నీ ఒకే మనిషిగా చూపించింది. కాగితాల్లో చూస్తే పేర్లు వేరు, తల్లిదండ్రులు వేరు, వయసులో రెండేళ్ళ తేడా. రెండుచోట్లా రక్తం తీసింది ఒకే నర్సు. చెప్పినన్ని నమూనాలు చూపించడానికి ఒకరి రక్తమే రెండు ట్యూబుల్లో పోసేసిందన్నారు అందరూ.

నిండు మీటింగులో నర్సుని నిలబెట్టి అడిగింది తనే.

"ఇద్దరి దగ్గరా నేనే తీశాను మేడమ్. ఇద్దరి మొహాలూ అచ్చుగుద్దినట్టున్నాయి."

"మొహాలు కూడా ఒకటేనట!" అని ఎవరో అంటే గది గదంతా గొల్లుమంది.

తను నవ్వలేదు. కవలలేమో, పురిట్లోనే చెరో ఇంటికీ పెంపకానికి వెళ్ళారేమో అన్న అనుమానం ఆ క్షణంలోనే తట్టింది. ఓ వారం ఆగి వాకబు చేయిస్తే తేలిపోయేది. కానీ నర్సు వైపు ఒక్క మాట మాట్లాడినా నలుగురూ ఏమనుకుంటారోనని భయపడింది. అందుకే అందరికంటే గట్టిగా తనే అంది.

"ఇలాంటివాళ్ళని ఉపేక్షిస్తే రేపు మన పరిశోధనని ఎవరు నమ్ముతారు?"

నర్సు ఒక్కసారి ఆమె కళ్ళలోకి చూసి, మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

"ఆ ఇద్దరూ కవలలన్నమాట, చెరొక బిడ్డని కన్నారు," అంటున్నాడు లెక్కలాయన. "పాపం, నర్సు మొత్తుకుంటూనే ఉంది. పోనీండి, ప్రోగ్రాం అలా చెబితే మీరు మాత్రం ఏం చేస్తారు?"

"ప్రోగ్రాం జన్యువులొకటే అంది. దొంగ అన్నది నేను."

మధ్యాహ్నానికల్లా డైరెక్టరుకి ఉత్తరం రాసి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"నర్సుని తిరిగి తీసుకుందాం, అభ్యంతరం లేదు. 'అనుమానం వచ్చీ దాచాను' అని ఎందుకమ్మా రాయడం? కొట్టేయండి. మీ పేరు పాడవుతుంది."

"ఉండనివ్వండి సార్."

సాయంత్రం రెండో అంతస్తులో నర్సు ఇంటి తలుపు ముందు నిలబడ్డాక మూడుసార్లు చెయ్యెత్తి మూడుసార్లూ దించేసింది. నాలుగోసారి కొట్టకముందే తలుపు తెరుచుకుంది. నర్సు భుజాన సంచీ ఉంది, ఇంటింటికీ తిరిగి ఇంజెక్షన్లు వెయ్యడానికి బయల్దేరుతోంది. మనిషి సగమైపోయింది.

"చెప్పండి మేడమ్."

ఏమని పిలవాలో తోచలేదు. తలొంచుకుని ఉత్తరం నకలు చేతిలో పెట్టింది.

"వాళ్ళు కవలలే. తప్పంతా నాది. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది, అయినా..."

"వచ్చిందని తెలుసు. మీ మొహం చూస్తే నాకు తెలీదా?"

"మరి అప్పుడే ఎందుకు నిలదీయలేదు?"

"అందరి ముందూ నా తలే వంగింది. మీ తల కూడా ఎందుకు వంచాలి?"

ఆ మాటకి ఆమె నిలువునా కుంగిపోయింది. చెంగు నోటికడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. తిట్టినా, తలుపు మొహాన వేసినా ఇంతకంటే తేలిగ్గా ఉండేదనిపించింది. వెనుదిరిగి మెట్లవైపు అడుగేసింది.

నర్సు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. లోపలి గదివైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా లాగి, గొంతు తగ్గించింది.

"నా ఉద్యోగం తీయించింది నువ్వేనని అమ్మకి చెప్పలేదు, లోపలికి రావే చెల్లీ."