మెట్ల మీద మోకాలి నొప్పి

"మళ్లీ చతికిలబడ్డావా? ఎనభయ్యేళ్ల మా అమ్మ నీకంటే నయం, చకచకా ఎక్కేస్తుంది," అన్నాడు భర్త, మెట్ల మలుపులో గోడకు చేరబడుతూ.

ప్రతి మలుపులోనూ, రోజూ ఇదే వరస. భార్య ఎడమ మోకాలు పట్టుకుని మూలిగింది. "ఏం చెయ్యను, పాడు నొప్పి. మీకేం, ఉక్కుపిండం!"

అతను మంచినీళ్ల ప్లాంటులో ఆపరేటరు. నిరుడు క్లోరిన్ సిలిండరు లీకైనప్పుడు ఆ గదిలో చిక్కుకున్నాడు. "నా ముందు గ్యాసెంత?" అని ఇప్పటికీ దగ్గుతూనే గొప్పలు పోతాడు.

"అయ్యో, పాల ప్యాకెట్టు కొట్లోనే మరిచిపోయాను. మీరు నడుస్తూ ఉండండి," అంటూ ఆమె కిందికి దిగింది.

అతను ఆగకుండా ఎక్కబోయాడు. పై మలుపు చేరేసరికి ఊపిరందలేదు, ఛాతీ పట్టేసింది. కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు.

ఆమె కూనిరాగం తీస్తూ, రెండేసి మెట్లు దాటుకుంటూ పైకొస్తోంది.

తలెత్తి అతన్ని చూసింది. చటుక్కున కూలబడి మోకాలు పట్టుకుంది. ఈసారి కుడి మోకాలు.

అతను నవ్వబోతే దగ్గొచ్చింది. మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

"తొందరేం లేదులే. నీ మోకాలి నొప్పి తగ్గేదాకా కూర్చుందాం."