భద్రత ఫైలు

"రిజిస్టరులో పేరు, ఇంటి నంబరు కాస్త గుండ్రంగా రాయండమ్మా," అన్నాడు రికార్డుల గుమాస్తా, కుర్చీ తుడిచి ముందుకు జరుపుతూ.

విలేకరి రాసింది. "ప్రజల భద్రతే నా ప్రాణం" అని గోడలన్నీ నింపేసిన అభ్యర్థి, కౌన్సిలర్‌గా ఐదేళ్లు ఏం వెలగబెట్టాడో చూద్దామని మున్సిపల్ ఆఫీసుకొచ్చి ఆయన ఫైలు అడిగింది.

వీధిదీపాల మీద ఓటింగు: సభ్యుడు గైర్హాజరు. రాత్రి గస్తీ: గైర్హాజరు. ఫైరింజను: సంతకం పెట్టి వెళ్లిపోయారు.

ఆఖరి పేజీలో మాత్రం ఆయనే లేచి తీర్మానం పెట్టాడు. అమ్మయ్య, నోరు విప్పాడు అనుకుంటూ చదివింది.

"సభ్యుల భద్రత దృష్ట్యా, వారి ఫైళ్లు అడిగినవారి పేరు, చిరునామా తక్షణం సదరు సభ్యునికి తెలియజేయవలెను. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

తలెత్తింది. గుమాస్తా ఫోనులో వినయంగా చెబుతున్నాడు.

"ఇంటి నంబరు కూడా ఉంది సార్. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి."