కుక్క వంక

"కుక్కలున్నవాళ్లకి ఇల్లు ఇవ్వమండీ," అంటూ బందరులో రెండో ఇంటాయన కూడా గేటు వేసేశాడు. ఆ గేటు వెనక ఆయన సొంత కుక్క మొరుగుతూనే ఉంది.

తమ కుక్క లడ్డూ గొలుసు పట్టుకుని మోషే నవ్వేశాడు. అతని భార్య సరోజకి నవ్వు రాలేదు.

"మీ పేరు చెప్పేదాకా మన లడ్డూ ఆయనకి కనబడనే లేదు," అంది.

కర్నూలు నుంచి సామాను తెచ్చిన లారీ వీధి చివర ఆగి ఉంది. లాడ్జిలో దిగుదామంటే కుక్కని రానివ్వరు.

మూడో ఇంటి అరుగు మీద రత్నం అనే పెద్దావిడ బియ్యం ఏరుతోంది. అద్దె తక్కువే చెప్పింది. ఈసారి సరోజే ముందు మాట్లాడింది.

"ముందే చెప్తున్నానండీ. మేం క్రైస్తవులం. ఇంట్లో ప్రార్థనలు పెట్టుకుంటాం. కుక్క కూడా ఉంది."

"ప్రార్థనలు మీ ఇష్టం. కుక్కేది?"

మోషే వెనక నుంచి లడ్డూ తొంగిచూసింది. రత్నం చేట వదిలేసి లోపలికి వెళ్లి, తలుపు సగం మూసుకుంది.

"చిన్నప్పుడు ఒకటి నా పిక్క పట్టుకుందమ్మా. కుక్కంటే నాకు చచ్చేంత భయం."

ఆమె చూపు లడ్డూ మీంచి కదల్లేదు. సరోజ అది గమనించింది.

"నిజంగా కుక్కకేనా అండీ?"

"మరి దేనికి?"

పొద్దుట్నించీ రాని నవ్వు సరోజకి ఒక్కసారిగా వచ్చింది. కళ్లు కూడా తుడుచుకోవాల్సి వచ్చింది.

"నా భయం నీకు నవ్వులాటగా ఉందా అమ్మాయ్?"

"లేదండీ. మీ భయం చాలా మంచిది. గొలుసు మేం వదలం."

రత్నం గొలుసు వంక ఒకసారి చూసింది.

"పెరట్లో కట్టుకోండి, నేనటు రాను," అంది తలుపు సందులోంచి. "లారీని రమ్మనండి."