ఒకే అచ్చు

కిటికీకి కొత్త తెర కడుతూ అతను స్టూలు మీంచి జారాడు. మణికట్టు విరిగింది.

పెళ్లయి నాలుగు నెలలు. పసుపు రంగు తెర భార్యే ఏరికోరి తెచ్చింది. పొద్దున్నే దాంట్లోంచి వెలుతురు పడితే గదంతా తేనె ఒలికినట్టుంటుందని మురిసిపోయింది. కట్టు కట్టిన డాక్టరు మాత్రం మురిసిపోలేదు. "ఇంత చిన్న స్టూలు మీంచి పడితే ఈ వయసులో ఎముక విరగకూడదమ్మా," అని హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపాడు.

ఆ డాక్టరు అతన్ని చూడగానే తెలిసిన మనిషిని చూసినట్టు నవ్వాడు. ఎంత కలుపుగోలు మనిషో అనుకుందామె.

కాళ్ల పొడుగు కొలిచాడు. గడ్డం ఎప్పుడు మొదలైందని అడిగాడు.

"మొదలైతే కదండీ," అన్నాడతను. "మా అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక్క బ్లేడు ఏడాదంతా వస్తుంది."

ఆమె ఫక్కున నవ్వింది. డాక్టరు నవ్వలేదు. అతన్ని తెర వెనక్కి తీసుకెళ్లి పరీక్ష చేశాడు. రక్తం తీయించాడు. ఇంకో పరీక్షా రాశాడు.

ఫలితాలు వచ్చిన రోజు డాక్టరు కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడిచాడు. మరక లేని అద్దాలనే మళ్లీ తుడిచాడు.

"మగవాళ్లకి మామూలుగా ఒక ఎక్స్, ఒక వై క్రోమోజోమ్ ఉంటాయి. మీకు పుట్టుకతోనే ఒక ఎక్స్ ఎక్కువుంది. ఆ పొడుగు కాళ్లు, ఆ పలచటి గడ్డం, చిన్న వృషణాలు, అన్నీ అందుకే. మగ హార్మోను తక్కువై ఎముకలు గుల్లబారాయి. దానికి మందుంది." ఆగాడు. "వీర్యంలో కణాలు లేవు. వైద్యుల సాయం లేకుండా పిల్లలు పుట్టడం దాదాపు జరగని పని."

ఆమె అతని బాగున్న చేతిని పట్టుకుంది.

"అదెలా కుదురుతుందండీ?" అన్నాడతను. "మేం కవలలం. అచ్చు గుద్దినట్టుంటాం. వాడికి ఐదేళ్ల పాప ఉంది."

"ఒకే పోలికతో ఉన్న కవలల్లో ఒకరికుంటే రెండోవాళ్లకీ ఉంటుందా డాక్టరుగారూ?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"సాధారణంగా ఉంటుంది." డాక్టరు తల దించుకున్నాడు. "ఇంకొకరి సంగతి నేను మాట్లాడకూడదమ్మా."

మెట్లు దిగుతుంటే ఆమెకు పాప ఉంగరాల జుట్టు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ఎవరికీ లేని జుట్టు. ఎవరి పోలికోనని అందరూ నవ్వే మాటే. ఇప్పుడా మాటకు పడగ లేచింది.

"అయితే వదిన..." అన్నాడతను.

"ఆ మాట పూర్తి చెయ్యకండి."

"వాడికి తెలిస్తే ఆ ఇల్లు నిలవదు. నా సంగతి బయటపడితే వాడి సంగతీ పడినట్టే. రేపు మనకి పిల్లల్లేరేమని అడిగితే ఏం చెప్పను?"

"నాకే లోపమని చెబుదాం."

అతను నడుస్తున్నవాడల్లా ఆగి, నాలుగు నెలల పెళ్లాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

ఆదివారం అతని కవల అన్నగారింట్లో భోజనం. అయ్యాక తోడికోడలు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చిక్కు తీస్తోంది.

"ఏంటి చెల్లీ, పాపనలా చూస్తున్నావు?"

"జుట్టు ఎంత బాగుందో అక్కా. ఎవరి పోలికో..." నోరు జారింది.

దువ్వెన ఆగింది. ఒక్క క్షణమే.

"అందరూ అదే అంటారు," అందావిడ తలెత్తకుండా.

ఆమె లేచి భర్త ఉన్న బాల్కనీలోకి వచ్చేసింది. వెనకే బావగారు వచ్చి తమ్ముడి కట్టు మీద వేలితో టకటకా తట్టాడు.

"ఏరా చిన్నోడా, నీవి ఎముకలా సుద్దముక్కలా? పెళ్లికి ముందే ఒకసారి డాక్టరుకి చూపించుకోరా అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. విన్నావా?"

"ఇప్పుడు చూపించాగా. కట్టు తీసేస్తే సరిపోతుందట."

"ఇంకెవరి దగ్గరికీ పంపలేదా?"

"లేదు," అన్నారిద్దరూ ఒక్కసారే.

బావగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. లోపల పాప నవ్వుతోంది. బాల్కనీ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"డాక్టర్ల సాయంతో పాప పుట్టకముందు, నాకూ మీ వదినకూ నా సంగతి చెప్పిన రోజు తుడిచినట్టే, ఆ హార్మోన్ల డాక్టరు చెడు కబురు చెప్పేముందు ఇంకా కళ్లజోడు తుడుస్తున్నాడా?"