నేల దిగేదాకా

“బాబూ, ఇమానం తిరుపతి ఎల్డానికి ఎంతసేపు పడతాది?”

విశాఖ విమానాశ్రయం గేటు దగ్గర ఎవరో చెయ్యి పట్టుకునేసరికి మోహనకృష్ణ ఉలిక్కిపడ్డాడు.

నలిగిన చీర, చెప్పుల్లేని కాళ్ళు. దగ్గరికొస్తే చేపల వాసన.

“గంటన్నర. చెయ్యి వదులు.”

అతని తొందర అతనిది. పద్నాలుగేళ్ళ కూతురు దేవి తిరుపతి ఆసుపత్రిలో ఉంది. ఏడాదిగా ఎదురుచూస్తున్న ఆపరేషన్ ఇవాళేనని ఫోనొచ్చింది. విజయనగరం నుంచి కారును పరుగెత్తించుకుంటూ వచ్చాడు.

“దూరమేటి బాబూ?”

“ఆరొందల కిలోమీటర్లు.”

“అమ్మో! మజ్జిలో ఎక్కడా ఆగదు గదా?”

“ఆగడానికి ఇదేమైనా పలాస పాసింజరు రైలా?”

వెనకున్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. ఎండిపోయిన పెదాలు విడలేదు.

గార్డు జాలిపడి నీళ్ళ సీసా అందించాడు. “తాగమ్మా, ఎండలో పడిపోగలవు.”

“వద్దు నాయనా. మావోడు దిగాల.” ఆమె మళ్ళీ మోహనకృష్ణ వైపు తిరిగింది. “మాది కళింగపట్నం బాబూ. ఆడు సంద్రంలోకి యేటకెల్తే, పడవ ఒడ్డుకి తగిలీదాకా నాను మంచినీళ్ళు ముట్టను. మా అత్త నేర్పిన అలవాటు. ఇయ్యాల ఇమానం ఎక్కతన్నాడు.”

“ఓహో! పడవ దిగి విమానమెక్కాడన్నమాట!”

“అవును బాబూ. ఇదే మొదులు.”

ఆమె కొంగుముడి విప్పి చిన్న చీటీ అతని చేతిలో పెట్టింది.

“మా తమ్ముడి నంబరు. దాలమ్మ కొడుకు దిగినాడని ఒక్క ముక్క సెప్తే సాలు.”

“మీవాణ్ణే చెయ్యమను.”

“ఆడు సెయ్యలేడు బాబూ.”

“విమానం టిక్కెట్టు ఉంది గానీ, ఫోన్ లేదా?”

ఆమె చీటీ ఉన్న అతని గుప్పిట మూసింది.

“అయినా వాడు దిగినట్టు నాకెలా తెలుస్తుంది?”

“ఇమానం దిగితే ఆడు దిగినట్టే.”

లోపల తనిఖీ దగ్గర జేబులు ఖాళీ చేయమన్నారు. మోహనకృష్ణ ఆ చీటీని ఉండచుట్టి చెత్తబుట్టలోకి విసిరాడు.

విమానం తిరుపతిలో దిగగానే అందరికంటే ముందు లేచాడు.

“కూర్చోండి సార్. ముందు ఆ పెట్టె దిగాలి,” ఎయిర్‌హోస్టెస్ అడ్డుపడింది.

మొదటి వరుసలోంచి ఒక డాక్టరు నీలంరంగు పెట్టెతో పరుగులాంటి నడకతో దిగిపోయాడు.

“నా కూతురికి ఆపరేషనమ్మా! పెట్టె ముఖ్యమా, మనిషి ముఖ్యమా?”

అంతలో ఫోన్ మోగింది. భార్య రేఖ.

“ఏమండీ, దిగారా? డాక్టరుగారు ఇప్పుడే చెప్పారు. మన దేవికి పెట్టే గుండె మీ విమానంలోనే వచ్చిందట!”

మోహనకృష్ణ ఎయిర్‌హోస్టెస్‌ని దాటుకుని ముందుకెళ్ళాడు.

డాక్టరు వెనకే నర్సు సంచితో వెళుతోంది. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“సిస్టర్... ఆ గుండె ఎవరిది?”

“పేరు చెప్పకూడదండీ.” ఆమె చెయ్యి విడిపించుకుంది. రెండడుగులు వేసి, ఎందుకో ఆగింది.

“వాళ్ళమ్మ మాత్రం మా అంబులెన్సు వెనకే ఆటోలో విశాఖ ఎయిర్‌పోర్టు దాకా వచ్చింది. కొడుకు నేల దిగాడని ఎవరో ఒకరు ఫోన్ చేసేదాకా మంచినీళ్ళు ముట్టదట.”