పోతూ పోతూ పెట్టిన క్షమాభిక్ష

గవర్నరు థాక్‌స్టన్ ఆ రోజు పదవి వదిలి వెళ్ళిపోతున్నాడు. పెట్టెలన్నీ బండెక్కాయి.

ఇంకా రాష్ట్రం కూడా కాని ఆ పడమటి నేలకి ప్రెసిడెంటు తనని పంపిన రోజునుంచీ ఆయనకి అక్కడ అన్నీ రోతగానే ఉన్నాయి. గవర్నరు బంగళా అంటే దుంగలతో కట్టిన రెండు గదులు. వాకిట్లో పందులు. మూడు పూటలా బూజు పట్టిన పంది మాంసం. చట్టసభ సభ్యులు పొగాకు నమిలి, మాట్లాడుతూనే నేలమీద ఉమ్మేవాళ్ళు. ఆ ఉమ్ములో బూట్లు తడవకుండా నడవడమే ఆయన అక్కడ నేర్చుకున్న రాజకీయం. ఊళ్ళో వాళ్ళ మొహాలు చూడడం ఎప్పుడో మానేశాడు.

గుమ్మం దాటబోతుంటే ఆ ఆడమనిషి మళ్ళీ అడ్డొచ్చింది. వారంగా ఇదే వరస. తడిసిన ఉన్నిబట్టల కంపు. మోకాళ్ళదాకా బురద.

"దొరా, ఆ టోబియస్ గ్రిమ్‌ని వదిలిపెట్టమని చెప్పండి."

గవర్నరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పేకాటలో తన మోసం బయటపెట్టాడని ఒక కుర్రాణ్ణి వెనకనుంచి కాల్చి చంపాడు గ్రిమ్. జూరీలో సగం మంది వాడి తాగుబోతు నేస్తాలే. ఉరి తప్పించి, జైలుతో సరిపెట్టారు.

"సిగ్గు లేదూ? అలాంటి వెధవ కోసం నా గుమ్మం పట్టుకు వేలాడతావా?"

"కొడుకు కోసం తల్లి ఏం చెయ్యదు దొరా?"

"వాడు చంపింది కూడా ఓ తల్లి కన్న బిడ్డనే!"

"తెలుసు దొరా."

ఏడవలేదు. కదల్లేదు. గవర్నరు ఒకడుగు వెనక్కి వేశాడు. కన్నప్రేమ ఇంత నీచమైందా! ఛీ, ఈ జనం ఎలా పోతే తనకేం? గుమ్మంలో నిలబడే క్షమాభిక్ష కాగితం మీద సంతకం గీకి, ఆవిడ మీదికి విసిరాడు.

"పో. తెచ్చుకో నీ రత్నాన్ని."

"మీ మేలు చచ్చినా మర్చిపోను."

ఊరి చివర, సరిగ్గా జైలు ముందే, బండి చక్రం బురదలో దిగబడింది. బండివాడు గంటసేపు తవ్వినా కదల్లేదు. ఈలోగా జైలు తలుపు తెరుచుకుంది. గ్రిమ్ ఇకిలిస్తూ బయటికొచ్చి, గడప మీదే ఉమ్మాడు. రోడ్డుకి ఇవతల ఆవిడ నిలబడి ఉంది. ఒక చెయ్యి శాలువాలో ఉంది.

ఎంత అసహ్యంలోనూ గవర్నరుకి మనసు కాస్త మెత్తబడింది.

"చూశావా? ఎంత వెధవైనా తల్లికి బిడ్డే. తినడానికేదో పట్టుకొచ్చినట్టుంది."

బండివాడు తలెత్తి చూశాడు. చేతిలో పార జారిపోయింది.

"వాడి తల్లేంటి దొరా, వాడు చంపిన కుర్రాడి తల్లి ఆవిడ!"