మడుగులో తాత

కొండకింది మడుగులో ఒక కొంగ పడుచుతనంలో పెద్ద కొర్రమీనును చూసింది. తింటే దాన్నే తినాలని, అది మెరిసిన చోటుమీదే చూపు నిలిపి నీళ్లలో నిలబడింది. పక్కనే తాతకొంగ అంతకుముందు నుంచే నిలబడి ఉన్నాడు. వేటలో ఉన్న కొంగ తల తిప్పకూడదు, పలకరించినా పలకకూడదు. అది వాళ్ల కట్టుబాటు. నిలబడితే తాతలా నిలబడాలి అనుకునేది కొంగ.

ఎండలు ముదిరాయి. కాళ్లకు చల్లదనం తగ్గుతోందని తెలుస్తున్నా అది చూపు మరల్చలేదు.

ఒకనాడు బొరియలోంచి పీత తొంగిచూసింది. "మామా, ఇంకా ఎవరికోసం?"

"కొర్రమీను కోసం," కట్టుబాటు మరిచి అనేసింది కొంగ.

"మరి నీళ్లేవి?"

కొంగ చుట్టూ చూసింది. అంతా బీటలువారిన మట్టి. ఇన్నాళ్లూ చేప వీపనుకున్నది ఒక నల్లరాయి.

"తాతా, మడుగు ఎండిపోయింది, పోదాం పద," అని రెక్కతో తట్టింది. తాత ఎండుగడ్డి మోపులా పక్కకు ఒరిగాడు. ఈకల లోపల ఎముకలు తప్ప ఏమీ లేవు.

"ఆయన్నీ అడిగాను మామా," అంది పీత. "ఇంకొక్క పూట చూస్తానన్నాడు."

కొంగ నోటిదాకా వచ్చిన మాటా అదే.

మట్టిలో బిగిసిన కాళ్లు పెరుక్కుని అది ఎగిరింది. దారిలో ప్రతి మడుగులోనూ ఒక కొంగ నిలబడి ఉంది. కింద నీళ్లు లేవని ఎగిరే కొంగ గొంతు చించుకుని అరిచింది. ఒక్కటీ తల తిప్పలేదు. వాటిలో బతికున్నవేవో పైనుంచి తెలియలేదు.